కనబడని మేలు

ఒంట్లో ఏ నొప్పీ లేని మనిషిని జీవితాంతం రోజూ ఒక బిళ్ళ వేసుకోమనడం చిన్న కోరిక కాదు. జ్వరం మాత్ర పని చేస్తే ఒళ్ళు చల్లబడుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు పని చేస్తే రక్తపరీక్ష కాగితం మీద ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకె తగ్గుతుంది, అంతే. రాకుండా పోయిన గుండెపోటుకు ఆనవాళ్ళుండవు. కంటికి కనబడని మేలును దేన్ని చూసి నమ్మాలి?

1994లో స్కాండినేవియా దేశాల అధ్యయనం ఒకటి వెలువడింది. 4,444 మంది గుండె రోగులను రెండు సగాలు చేసి, ఒక సగానికి సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్, మరో సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఐదేళ్ళకు పైగా గమనించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, అసలు మందు వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. 74 మంది తేడా. బతికిపోయిన ఆ 74 మంది ఎవరు? వాళ్ళకే తెలియదు. ఈ జ్ఞానం సమూహానిదే కానీ ఏ ఒక్కరి అనుభవమూ కాదు. మనకు పేర్లయినా తెలియని వేలమంది తమ శరీరాలను పరీక్షకు ఒప్పగించబట్టి అది మనదాకా వచ్చింది.

మరి ఈ మాత్ర వేసుకున్నాక నా కాళ్ళు పీకుతుంటే ఆ లెక్క నాకేం చెబుతుంది?

2020లో లండన్ పరిశోధకులు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. ఇబ్బందులు పడలేక స్టాటిన్ మానేసిన 60 మందిని ఎంచుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఏదీ లేకుండా, వరస మార్చి మార్చి ఇచ్చారు. వాళ్ళు రోజూ తమ బాధకు వందకు ఇన్నని మార్కులు వేసుకున్నారు. మాత్రే లేని నెలల్లో సగటు 8. ఉత్తుత్తి మాత్రతో 15.4. స్టాటిన్‌తో 16.3.

దీన్ని చూసి ‘అంతా నీ భ్రమ’ అని రోగిని కసరడం అన్యాయం. నొప్పి నిజం. చాలామందిలో దానికి కారణం మందు కాదు, మందు చెడు చేస్తుందన్న భయం. అయితే భయాలన్నీ ఉత్తవి కావు. కండరాలు కరిగి, మూత్రపిండాలు దెబ్బతిని కొందరు చనిపోయాకే 2001లో సెరివాస్టాటిన్ అనే స్టాటిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో కొవ్వు మందుతో కలిపి వాడినప్పుడు ఆ ముప్పు మరీ పెరిగింది. ఇవాళ వాడుతున్న సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లకు కూడా క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే ప్రమాదం పెరుగుతుంది. తట్టుకోలేని కండరాల నొప్పి, నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీ ముందే చెప్పాలి.

ఈ నొప్పి భయానిదా, మందుదా? రోగి ఒంటరిగా తేల్చుకోలేడు. డాక్టరు కూడా రిపోర్టు ఒక్కటే చూసి తేల్చలేడు. ఇద్దరూ మాట్లాడుకోవాలి. కానీ మన ఓపీ గదుల్లో జరిగేదేమిటి? “మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?” “వేసుకుంటున్నా సార్.” ఇంట్లో మందుల డబ్బాలో మాత్రం నెల కిందటి స్ట్రిప్పు, రెండే గుంటలు ఖాళీ అయి, అలాగే ఉంటుంది. ఆమె అబద్ధం ఎందుకు చెప్పింది? తిడతారని. తన వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారని.

ఆమె నిజం చెప్పగలిగి ఉంటే దారులు చాలా ఉన్నాయి. కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే రక్తపరీక్ష చేయించవచ్చు. నొప్పికి థైరాయిడ్ లోపం కారణమేమో చూడవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు ఆపి చూడవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్‌కు మారవచ్చు. చెప్పకుండా మానేసినప్పుడు ఇవన్నీ మూసుకుపోతాయి.

అందుకే స్టాటిన్ భద్రత బిళ్ళలో ఎంత ఉందో, “నాకు దీనివల్ల ఏం మేలు? ఏం ముప్పు? ఎన్నాళ్ళు?” అని రోగి అడగగలగడంలోనూ అంత ఉంది. కనబడని మేలును నమ్మమని అడిగే వైద్యం, కనబడుతున్న బాధను ముందు వినాలి. ఆ వినడానికి పట్టే పది నిమిషాలు కూడా చికిత్సే.