భారము మోయుట – బరువు అప్పగించుట

ధ్యానమునకు వాక్యభాగములు: గలతీ. 6:1–5, అపొ. కార్య. 8:26–40



ఇటీవల వింజమూరులో ఆదివారపు బైబిలు తరగతియందు ఒక పెద్దాయన నన్నొక ప్రశ్న అడిగెను. గలతీ పత్రిక ఆరవ అధ్యాయము రెండవ వచనములో పౌలు మనము ఒకరి భారములు ఒకరము మోయవలెననుచున్నాడు. మూడు వచనములు దాటగానే ఎవరిది వారే మోసికొనవలెననుచున్నాడు. “అయ్యగారూ, ఈ రెంటిలో ఏది చెయ్యమంటారు?” అని ఆయన అడుగగా తరగతిలోనివారు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఏలయనగా అదే ప్రశ్న కొన్ని దినముల ముందు, కంప్యూటరు ఎదుట కూర్చుండగా, నాకే ఎదురైనది.

మా సంఘమునకు ఒక పాత కంప్యూటరు కలదు. పట్టణములో డీటీపీ చేయించి తెచ్చిన తెలుగు కాగితమును అందులో తెరచినప్పుడెల్ల, తెలుగుకు మారుగా ఇంగ్లీషు అక్షరములును పిచ్చి గుర్తులును కనబడుచుండెను. సంఘములోని ఒక యౌవనస్థుడు పిలిచినప్పుడెల్ల వచ్చి, ఐదు నిమిషములలో సరిచేసి పోవుచుండెను. నేను అతనిని అందరియెదుట మెచ్చుకొంటిని. పిమ్మట అతనికి బెంగుళూరులో ఉద్యోగము దొరికెను. అతడు వెళ్లిన మరుసటి వారమే మరల పిచ్చి గుర్తులు వచ్చెను. రెండేండ్లు అతడు నా ప్రక్కనే ఆ పని చేసెను గాని, నేను ఒక్కసారియైనను అతని చేతివైపు చూచినవాడను కాను.

అప్పుడు డిగ్రీ చదువుచున్న మన సంఘపు అమ్మాయిని పిలిపించితిని. ఆమె కుర్చీలో కూర్చుండలేదు. “అయ్యగారూ, మీరే చెయ్యండి. నేను పక్కన ఉంటాను” అనెను. ఐదు నిమిషముల పనికి గంట పట్టెను. నాకు కొంచెము కోపము కూడ వచ్చెను. ఇంత చదివినవాడను, చిన్నపిల్ల యెదుట తడబడుచుంటినే అని సిగ్గుపడితిని. అయినను ఆ దినమున సంగతి తెలిసికొంటిని. పాత పద్ధతిలో తెలుగు అక్షరము ఇంగ్లీషు అక్షరపు ఇంట అద్దెకున్నట్టిది. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినయెడల అద్దెకున్నవాడు కనబడడు, ఇంటివాడే బయటికి వచ్చును. యూనికోడ్ అను క్రొత్త పద్ధతిలోనైతే ప్రపంచమందలి అక్షరములకు వేరువేరు సంఖ్యలు కలవు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు సొంత ఇల్లు దొరికినది. ఇప్పుడు అట్టి కాగితము వచ్చినయెడల నేను ఎవరిని పిలువను.

ప్రియులారా, ఈ ఇద్దరిలో నాకు ఎక్కువ మేలు చేసినవారెవరు?

ఇంటిలో ఉంచుకొను కంప్యూటరు పుట్టిన కాలములోనే ఈ ప్రశ్నయు పుట్టినది. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అను యంత్రము విడిభాగములుగా అమ్మకమునకు వచ్చెను. కొన్నవారు వాటిని తామే అతికించుకొనవలెను. దానికి అక్షరముల మీటలు లేవు; ముందువైపున చిన్న స్విచ్చులు, దీపములు మాత్రమే యుండెను. ఒంటరిగా కూర్చుండి దానిని నడిపించుట కష్టము. అందుచేత ఆ యేటి మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనునతని కారు షెడ్డులో సుమారు 30 మంది కూడుకొనిరి. అదియే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు. తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట, చిక్కుపడినవాడు లేచి తన చిక్కును చెప్పుకొనుట, అది వారి ఆచారము. ఆపిల్ యంత్రమును రూపించిన స్టీవ్ వోజ్నియాక్ ఆ క్లబ్బు సభ్యుడే. అతడు తన మొదటి యంత్రపు పటములను సభ్యులకు ఉచితముగా పంచిపెట్టెను. యంత్రమునే కాదు, దానిని కట్టు విధమును ఇచ్చెను.

అయితే 1976లో బిల్ గేట్స్ ఇట్టి అభిరుచిగలవారికి ఒక బహిరంగ లేఖ వ్రాసి, తాము కష్టపడి వ్రాసిన ప్రోగ్రామును డబ్బియ్యక నకలు తీసికొనుట దొంగతనమని వాదించెను. ఆ మాటలోను న్యాయము కలదు. పనివాడు జీతమునకు పాత్రుడని ప్రభువే సెలవిచ్చెను (లూకా 10:7). ఇంకొకని కష్టమును అడుగక తీసికొనుట సహాయము కాదు. తనకు తెలిసినదానిని తానుగా పంచుట వేరు, ఇతరుని సొత్తును పంచిపెట్టి దాత అనిపించుకొనుట వేరు. ఈ భేదమును మన పిల్లలకు నేర్పవలెను.

మన తెలుగువారిలోను అట్టి పంపకము జరిగినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, పాత ఫాంటులలోని తెలుగును యూనికోడ్‌లోనికి మార్చు ‘పద్మ’ అను సాధనమును కూడ చేసెను. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకు వీవెన్ అనునతడు ‘లేఖిని’ని చేసి అందరికి ఉచితముగా ఇచ్చెను. ఆ వికీపీడియాలో వ్రాయువారు సందేహములు చెప్పుకొని మాటలాడుకొను చోటునకు ఏమి పేరు పెట్టిరో తెలియునా? రచ్చబండ. మన ఊరి వేపచెట్టు క్రింది రచ్చబండయే!

ఇప్పుడు పౌలు మాటకు వత్తము. గ్రీకు భాషలో రెండవ వచనములోని మాట బారోస్. అనగా మనుష్యుని క్రుంగదీయు భారము. ఐదవ వచనములోని మాట ఫోర్టియోన్. అనగా ఒకడు మోయుటకు తగినట్టు అతనికి ఏర్పడిన మూట. మన తెలుగు బైబిలును జాగ్రత్తగా చూచినయెడల అక్కడ ‘భారము’ అనియు ఇక్కడ ‘బరువు’ అనియు వేరు మాటలే కనబడును. కాబట్టి ఈ వచనములు ఒకదానినొకటి కొట్టివేయవు. నలిగిపోవుచున్నవానిని చూచి దాటిపోవుట పాపము. తాను మోయగల మూటను అతని తలమీదనుండి ఎన్నటికిని దింపివేసి మనమే ఉంచుకొనుటయు ప్రేమ కాదు.

కొందరిట్లందురు: అయ్యగారూ, ముసలివారికి ఇప్పుడు ఫోను నేర్పుట యెట్లు? ఈ మాట న్యాయమే. భర్త చనిపోయిన వారమున బ్యాంకు కాగితముల కొరకు ఏడ్చుచు వచ్చిన తల్లికి పాఠము చెప్పకూడదు. అది క్రుంగదీయు భారము. ఆమెతో కూడ బ్యాంకునకు వెళ్లి, కాగితము నింపి, పని ముగించి ఇంట దింపవలెను. నేర్పెదనను సాకుతో తప్పించుకొనువాడు లేవీయునివలె ప్రక్కగా పోయినవాడే. కాని ఆరు నెలలు గడచిన తరువాత కూడ ఆమె ఫోనును, రహస్య సంఖ్యను ఎవరో ఒక కుర్రవాని చేతిలోనే పెట్టుచున్నయెడల, ఆమె ఇంటి తాళపుచెవి అతని మొలలో నున్నట్టే. అతడు మంచివాడైనను ఆమె నిద్ర అతని మంచితనముమీద ఆధారపడియున్నది. డబ్బు వచ్చినదో లేదో తానే చూచుకొనుట మట్టుకైనను ఆమెకు నేర్పరాదా?

ఇందులో సహాయము చేయువానికి ఒక గొప్ప శోధన కలదు. ఆ రెండు వచనముల నడుమ, మూడవ వచనములో, పౌలు ఏమియు కాకయుండియు తానేదో గొప్పవాడననుకొనువాని గూర్చి హెచ్చరించుచున్నాడు. అది అక్కడ ఊరకనే ఉంచబడలేదు. పదిమంది తన గుమ్మమునకు వచ్చుట కొందరికి తీపిగా నుండును. నేర్పినయెడల రేపు రారు గనుక నేర్పరు. సేవకులమైన మేమును ఈ శోధనకు వెలుపలనున్నవారము కాము. వాక్యమును విప్పి చదువుట విశ్వాసికి నేర్పక, ప్రతిదానికి మా యొద్దకే రప్పించుకొను బోధకుడు ఆ గుంటలో పడినవాడే. సహాయము పొందువానికిని శోధన కలదు. సిగ్గుచేత అడుగక చెడుట ఒకటి. బద్ధకముచేత నేర్చుకొనక ఎప్పుడును అడుగుట మరియొకటి. ఈ రెండవదానిలో నేను రెండేండ్లు ఉంటిని. ఆ యౌవనస్థునిపై తప్పు మోపను. నేర్పుమని నేను అడుగనేలేదు.

మరి మంచి సహాయము ఎట్లుండును? ఫిలిప్పును చూడుడి. గాజా త్రోవలో ఐతియొపీయుడగు నపుంసకుడు రథములో యెషయా గ్రంథము చదువుచుండెను గాని గ్రహింపలేకపోయెను. త్రోవ చూపువాడు లేనిదే తనకెట్లు తెలియునని దాపరికము లేక ఒప్పుకొనెను. రాణి ధనాగారము అతని చేతిలో నుండినను అడుగుటకు సిగ్గుపడలేదు. ఫిలిప్పు గ్రంథమును అతని చేతిలోనుండి లాగుకొనలేదు. రథమెక్కి ప్రక్కన కూర్చుండి, అతడు చదువుచుండిన చోటనే మొదలుపెట్టెను. బాప్తిస్మమైన వెంటనే ఆత్మ ఫిలిప్పును కొనిపోయెను. అప్పుడు ఆ నపుంసకుడు ఏమాయెను? చిక్కుపడెనా? లేదు, సంతోషముతో తన త్రోవను వెళ్లెను. సహాయము చేసినవాడు కనబడకపోయినను, పొందినవాడు సంతోషముతో సాగిపోగలిగెను. సహాయమునకు ఇంతకంటె నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

కావున ప్రియ యౌవనులారా, ఈ నెలలో మీలో ప్రతివారును ఒక పెద్దవారి ప్రక్కన గంటసేపు కూర్చుండుడి. ఫోను వారి చేతిలోనే యుండనియ్యుడి. వారు తప్పు మీట నొక్కినప్పుడు నవ్వకుడి. పెద్దలారా, మనమును చిన్నవారియొద్ద నేర్చుకొనుటకు తగ్గించుకొందము. ఆ బైబిలు తరగతిలో ప్రశ్న అడిగిన పెద్దాయనకు నా జవాబు ఇదే: రెండును చేయవలెను, తాతా. మొదట భారము మోయుము. తరువాత బరువు అప్పగించుము. అప్పగించిన పిమ్మట కొంతదూరము ప్రక్కన నడువుము.

ప్రభువు మనకు చాచు చేతిని, సమయమెరిగి వెనుకకు తీసికొను చేతిని కూడ అనుగ్రహించును గాక. ఆమేన్.