కర్త ఒకరు, భోక్త మరొకరు

కల్పాక్కంలో రేడియోధార్మిక వ్యర్థజలాలను శుద్ధిచేసే కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్ లాల్‌దర్వాజాలో మా తాతల నాటి ఇంట్లో ఉంటున్నాను. గంగలో మునిగితే పాపం పోతుందంటారు. అణువ్యర్థాల్లోని సీజియం మాత్రం ఏ నీళ్ళలో ముంచినా పోదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

సీజియం-137 కలిసిన నీళ్ళు చూడ్డానికి మామూలు నీళ్ళలాగే ఉంటాయి. అందులో పొటాషియం ఫెర్రోసైనైడు, కాపర్ సల్ఫేటు కలిపితే నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి. ఆ రేణువులు సీజియాన్ని పట్టుకుని మెల్లగా అడుగుకు దిగుతాయి. మరో రేడియోధార్మిక మూలకం స్ట్రాన్షియాన్ని దింపడానికి కాల్షియం ఫాస్ఫేటు వాడతారు. పైన తేరిన నీటిని పరీక్షించి, పరిమితికి లోబడి ఉంటేనే వదులుతారు. అడుగున మిగిలిన బురదను సిమెంటులో బిగిస్తారు. మరీ తీవ్రమైన ద్రావణాలనైతే గాజుగా కరిగించి పోస్తారు.

మా వీధిలో కుట్టుపని చేసే పెద్దాయన ఇదంతా విని, "ఇంతా చేస్తే ఆ విషం చచ్చిందా సార్?" అని అడిగాడు.

"లేదు భాయ్‌సాబ్, ఒక చోటికి చేరిందంతే."

"అయితే ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా!"

అసలు ప్రశ్న అదే. ప్రారబ్ధం అనుభవిస్తే గాని తీరదని మన పెద్దల మాట. సీజియం విషయంలో అది అక్షరాలా నిజం. దాని రేడియోధార్మికతను ఏ రసాయనమూ చంపలేదు. సగానికి తగ్గడానికి 30 ఏళ్ళు, వెయ్యో వంతుకు రావడానికి 300 ఏళ్ళు పడుతుంది. కానీ చేసినవాడే అనుభవిస్తాడన్న మాట ఇక్కడ చెల్లదు. కరెంటు వాడుకునేది మనం, కాపలా కాయాల్సింది మన తర్వాతి పన్నెండు తరాలు. మళ్ళీ పుట్టేది మనమే కదా అని కొందరంటారు. ఆ ధైర్యంతో బిడ్డల నెత్తిన అప్పు పెట్టి పోయే తండ్రిని ఎవరు మెచ్చుకుంటారు?

మన ముందుతరాలు అలా చేయలేదు. 1908 మూసీ వరద ఈ ఊరిని ముంచేశాక, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అప్పటికి పుట్టని మేం ఆ నీళ్ళు తాగి పెరిగాం. సంతానాన్ని కంటే పితృఋణం తీరుతుందని శాస్త్రం. కన్నంత మాత్రాన తీరుతుందని నేననుకోను.

అణువిద్యుత్తు వద్దని నా వాదన కాదు. మౌలాలీ దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ నుంచి మన భారజల రియాక్టర్లకు ఇంధనం వెళ్తుంది. ఆ వెలుగులో మన నగరానికి వాటా ఉంది, కాబట్టి బాధ్యతలోనూ ఉంది. చార్మినార్‌ను 1591 నుంచి నిలబెట్టుకున్న ఊరికి 300 ఏళ్ళ కాపలా ఊహకందనిదేమీ కాదు.

ఏ డ్రమ్ములో ఏముందో, ఎన్నాళ్ళు ముట్టకూడదో తేటగా రాసిపెట్టాలి. కాపలా ఖర్చు మన కరెంటు బిల్లులోనే కట్టాలి. శాంతులు, ప్రాయశ్చిత్తాలు దీనికి చాలవు. పుట్టబోయేవాళ్ళకు లెక్క అప్పజెప్పి పోవడమే మన తరం ధర్మం.