ఇల్లు అనగా ఏమి?

ధ్యానమునకు వాక్యభాగములు: 2 సమూయేలు 7:1–17, మార్కు 12:38 నుండి 13:2 వరకు



బడికి పోవు పిల్లలు ఇంగ్లీషులో మొట్టమొదట నేర్చుకొను మాటలలో ‘హౌస్’ అనునది ఒకటి. హౌస్ అనగా ఇల్లు అని వ్రాసి దిద్దింతురు. అంతటితో ఆ మాట తెలిసిపోయినట్లే తోచును. అయితే ఆ పిల్లవాడు పెద్దవాడగుకొలది అదే మాట వేరు వేరు చోట్ల ఎదురుపడును. కరెంటు పుట్టించు చోటు పవర్‌హౌస్. సముద్రపు ఒడ్డున ఓడలకు దారి చూపు దీపస్తంభము లైట్‌హౌస్. సరకులు నిలువచేయు గిడ్డంగి వేర్‌హౌస్. అధికారులు దిగు బస గెస్ట్‌హౌస్. ఇవన్నియు గోడలుగల కట్టడములే. కాని సినిమాహాలు ముందు ‘హౌస్‌ఫుల్’ అని పలక కట్టినప్పుడు లోపల కూర్చున్న జనము లెక్కకు వచ్చుచున్నారు. బడిలో ఆటల పోటీలకు పిల్లలను ఎరుపు జట్టు, నీలము జట్టు అని విభజించి వాటిని కూడ హౌస్‌లనియే పిలుతురు. శాసనసభ ఆ దినమునకు ముగిసినప్పుడు హౌస్ వాయిదా పడినదందురు. ఇంగ్లండు రాజకుటుంబము 1917లో విండ్సర్ అను పేరు పెట్టుకొన్నప్పుడు ఆ వంశమంతటికి హౌస్ ఆఫ్ విండ్సర్ అని పేరు వచ్చినది. ఒక్క మాటలో గోడలున్నవి, జనమున్నారు, సభయున్నది, వంశమున్నది.

మన తెలుగులో మాత్రము తక్కువా? పెండ్లి చేసికొన్నవానిని ‘ఒక ఇంటివాడైనాడు’ అందుము. వానికి సెంటు నేలయైన లేకపోవచ్చును. ఇంటిపేరు వాకిటిమీద చెక్కిన పేరు కాదు, తాత ముత్తాతలనుండి నెత్తురుతో వచ్చిన పేరు. ‘ఇల్లు గడచుట లేదు’ అని కూలివాడు చెప్పినప్పుడు వాని పిల్లల ఆకలి మనకు వినబడును. ‘ఆ కోడలు ఇల్లు నిలబెట్టినది’ అని మెచ్చుకొందుము. ఆమె తాపీ చేతపట్టి యెరుగదు. పుట్టిల్లు, మెట్టినిల్లు అనునప్పుడు ఆడుబిడ్డకు గుర్తు వచ్చునవి దూలములు కావు, మనుష్యుల ముఖములు.

మన సీమలోని ఊళ్ల పేర్లను చూడుడి. వెంకటగిరికోటలో కోటయున్నది, మదనపల్లెలో పల్లెయున్నది, పుంగనూరులో ఊరున్నది, కుప్పమనగా కొన్ని గుడిసెల చిన్న పల్లెయని అర్థము. రాజు నివసించు చోటు మొదలుకొని గుడిసెల గుంపు వరకు అన్నియు మన చుట్టునున్న పేర్లలోనే యున్నవి. దేవుడు వీటిలో దేనిని ఇల్లు అనును?

హెబ్రీ భాషలో ఇంటికి ‘బయిత్’ అని పేరు. మరియొక మాటతో చేరునప్పుడు అది ‘బేత్’ అగును. బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు. బేతేలు అనగా దేవుని ఇల్లు. ఈ బేతేలు సంగతి కొంచెము ఆలోచించుడి. యాకోబు ఆ పేరు పెట్టిన రాత్రి అక్కడ గోడ లేదు, కప్పు లేదు. అన్నకు భయపడి పుట్టిల్లు విడిచి పారిపోవుచున్న యువకుడు ఒక రాతిమీద తలపెట్టి పండుకొనెను. ఆరుబయట నేలను అతడు దేవుని ఇల్లనెను. ఏల? దేవుడు అతనితో అక్కడ మాటలాడెను గనుక. ఇల్లు లేనివానికే దేవుని ఇల్లు మొదట కనబడినది.

ఇప్పుడు దావీదునొద్దకు వత్తము. శత్రువులందరు అణగిరి. రాజు దేవదారు మ్రానుతో కట్టిన నగరులో సుఖముగా కూర్చుండెను. అప్పుడతనికి మనస్సులో నొప్పి పుట్టెను: నాకు దేవదారు ఇల్లు, దేవుని మందసమునకు తెరల గుడారమా? తలంపు మంచిదే. నాతాను ప్రవక్త సహితము మొదట సరే అనెను. ఆ రాత్రి దేవుని మాట వేరుగా వచ్చెను. నాకు ఇల్లు కట్టుమని నేనెప్పుడైన ఎవరినైన అడిగితినా? నీవు నాకు ఇల్లు కట్టుట కాదు, నేనే నీకు ఇల్లు కట్టుదును అని ఆ మాటల భావము.

మన తెలుగు బైబిలులో ఈ అధ్యాయమున ఒకచోట మందిరము, మరియొకచోట సంతానము అని వ్రాయబడినది. మనకు అర్థమగుటకే అనువాదకులు అట్లు చేసిరి. హెబ్రీలో మాత్రము అన్నిచోట్ల అదే ‘బయిత్’. దావీదు నగరు ఇల్లు, అతడు కట్టదలచిన మందిరము ఇల్లు, దేవుడు వాగ్దానము చేసిన సంతానము ఇల్లు. దావీదు రాళ్లను తలంచెను. దేవుడు మనుష్యులను తలంచెను.

అటుతరువాత జరిగినదేమి? దేవదారు ఇల్లు బీటవారలేదు. ఇంటివారు బీటవారిరి. కుమార్తెయగు తామారు తన అన్న చేతనే చెరచబడెను. దావీదు కోపించెనని చదువుదుము గాని, ఆమెకు న్యాయము చేసెనని చదువము. అబ్షాలోము ఆ పగతో అమ్నోనును చంపించి పారిపోయెను. తిరిగి వచ్చిన పిమ్మట రెండు సంవత్సరములు యెరూషలేములోనే కాపురముండి తండ్రి ముఖము చూడలేదు. ఒకే ఊరు, ఒకే వంశము, రెండు వాకిండ్లు. నడుమ రెండేండ్ల మౌనము. చివరకు ఆ తండ్రి ఇల్లు విడిచి ఏడ్చుచు కొండ యెక్కిపోయెను. కుమారుని చావుకబురు వినిన దినమున గుమ్మముపైనున్న గదిలో అతడు కుమిలిన కుములుట మీకు తెలియును. దేవదారు మ్రాను ఆ దినమున అతనిని ఓదార్చలేదు.

ప్రియులారా, ఈ కథ యెరూషలేములో ఆగిపోలేదు. మన తాతలకు బోద కొట్టములుండెను, మన తండ్రులకు పెంకుటిండ్లుండెను, మనలో అనేకులకు నేడు మిద్దెలున్నవి. దీనికి దేవునికి స్తోత్రము. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊరక అనలేదు. అప్పు ఎంత, చాకిరి ఎంత! టొమాటో ధర నిలిచిన ఏడు పునాది, మరుసటి ఏడు గోడ, కొడుకు బెంగుళూరునుండి పంపిన డబ్బుతో కప్పు. గృహప్రతిష్ఠకు గురువుగారిని పిలిచి ప్రార్థన చేయించి అందరికి భోజనము పెట్టుదురు. మంచిదే. తరువాత ఏమగుచున్నది? అన్నదమ్ములు పంపకములో తగవులాడి నట్టింట గోడ పెట్టుదురు. గోడకు ఇవతల తల్లి, అవతల ఆమె పెంచిన మనుమలు. మరియొక చోట కొడుకులందరు పట్టణములో నుందురు. నాలుగు గదుల మిద్దెలో ముసలి తండ్రి ఒక్కడే దీపము వెలిగించుకొనును. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమనిరి; ఆ ఇంటికి తాళము తప్ప ఇల్లాలు లేదు. కట్టినది నిలిచినది, ఎవరి కొరకు కట్టితిమో వారు నిలువలేదు.

మన పొరుగుననున్న కోలారు బంగారు గనులను తలంచుకొనుడి. మన ప్రాంతములనుండి, ఉత్తర ఆర్కాటునుండి ఎన్నో కుటుంబములు పొట్ట చేతబట్టుకొని అక్కడికి పోయినవి. పగలంతయు భూమి అడుగున బంగారపు రాయి కొట్టినవాడు సాయంకాలము వెదురు తడికెల ఇంటికి వచ్చెను. ఆ వరుస ఇండ్లు గనులవారివే గాని వానివి కావు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. పనితోపాటు ఇల్లు కూడ ప్రశ్నయైపోయెను. బంగారము త్రవ్వినవారికి సొంత కప్పు లేకపోయిన సంగతిని మనము మరువరాదు. నేటికిని ఇంటి స్థలము కొరకు అర్జీ పట్టుకొని తిరుగువారు, అద్దెకు పోయినప్పుడు కులమడిగి ‘ఇల్లు ఖాళీ లేదు’ అని చెప్పించుకొనువారు మన సంఘములలోనే యున్నారు. ఇల్లు అను మాట వారికి ధ్యానాంశము కాదు, ప్రతి నెల మొదటి తేదీన గుచ్చుకొను ముల్లు.

మేలైన జ్ఞాపకము కూడ మనకున్నది. జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో అక్కడనే కన్నుమూసిరి. ఊరూరు తిరుగుచు గుడారములలో రాత్రులు గడిపిన ఆయన పరదేశములో తన ఇల్లు చూచుకొనెను. తరువాత 1915లో అనేక మిషనులు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల చికిత్సాలయము తెరచిరి. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు ఫ్రీమోట్ మోలర్‌గారు దానికి పెద్దగా నుండిరి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ అను మందు 1943లో గాని కనుగొనబడలేదు. అంతకు ముందు ఆ రోగము వచ్చెనన్న, సొంత ఇంటిలోనే చాప వేరు, పళ్లెము వేరు. ఇంటివారే వెలిగా చూచినవారికి అక్కడ మంచమును గాలియు వెలుతురును దొరకెను. దానిని ఆసుపత్రియని పిలుతుము. దావీదుతో మాటలాడిన దేవుడు దానిని ఇల్లని పిలువడా?

ఇప్పుడు మార్కు సువార్తకు రండి. మూడు సంగతులు వెంట వెంట వచ్చుచున్నవి. మనము వాటిని వేరు వేరు ఆదివారములలో చదువుట చేత వాటి లంకె మనకు తప్పిపోవును. మొదటిది: శాస్త్రులు దీర్ఘ ప్రార్థనలు చేయుచు విధవరాండ్ర ఇండ్లు తినివేయుచున్నారని ప్రభువు గద్దించెను. రెండవది: ఆ వెంటనే ఒక బీద విధవరాలు వచ్చి తన జీవనమంతయు రెండు కాసులుగా దేవాలయపు కానుకపెట్టెలో వేసెను. మూడవది: వెలుపలికి వచ్చుచుండగా శిష్యుడొకడు ఈ రాళ్లు ఎట్టివి, ఈ కట్టడములు ఎట్టివి అని మురిసిపోయెను. ప్రభువు, రాతిమీద రాయి నిలువదనెను.

విధవరాలి త్యాగమును మనము కోత పండుగలో ఎన్నోమారులు మెచ్చుకొంటిమి. మెచ్చుకొనవలసినదే. అయితే ఆమె రెండు కాసులు పడిన ఇల్లు కూలిపోవలసినదియే. ఆమె ఇంటికి ఏమి మిగిలినదని అడిగినవాడు ప్రభువు గాక మరెవరును లేరు. శిష్యులు గోడలను చూచుచుండిరి, ఆయన ఆమెను చూచుచుండెను.

ఇది మనకు తగులుచున్నది. పాత గుడి చిన్నదైనది, క్రొత్త గుడి కట్టవలెనని అనేక సంఘములలో చందాలు ఎత్తుచున్నారు. హగ్గయి ప్రవక్త దినములలో జనులు తమకు సరంబీ వేసిన ఇండ్లు కట్టుకొని దేవుని మందిరమును పాడుగా విడిచినందుకు గద్దింపు పొందిరి. ఆ గద్దింపు కలిగినవారికి. కాని అదే వరుసలో, వానకు కురియుచున్న ఇంటిలో గిన్నెలు పెట్టుకొని రాత్రి మేలుకొను విధవరాలి పేరు కూడ చందా పుస్తకములో మనము వ్రాయుదుము. ఆమె ఇచ్చును, లేదనదు. గుడికి పలకరాళ్లు వేయుదుము, ఆమె గోడ కరగిపోవును. ప్రతిష్ఠ దినమున రాతిమీద పెద్దల పేర్లు చెక్కింతుము. ప్రభువు ఆ రాయిని చదువునా, ఆమె గోడను చూచునా?

గుడి కట్టవద్దని నేను చెప్పుట లేదు. ఆరాధనకు చోటు కావలెను. అయితే తొలి సంఘమునకు ఏ చోటుండెను? అకుల, ప్రిస్కిల్లల ఇంటిలో సంఘము కూడెను. ఫిలేమోను ఇంటిలో కూడెను, నుంఫా ఇంటిలో కూడెను. సిరియా దేశములోని దూరా యూరోపస్ అను చోట త్రవ్వకములలో బయలుపడిన ప్రాచీన ఆరాధన స్థలము కూడ సామాన్యమైన ఇల్లే. సుమారు 240 ప్రాంతమున రెండు గదుల నడుమ గోడ తీసివేసి దానిని ఆరాధనకు అమర్చుకొనిరి. మనము అన్నదమ్ముల నడుమ గోడ పెట్టుచున్నాము. ఆ విశ్వాసులు నలుగురు కూడుటకు గోడ తీసిరి. సంఘమనగా ఏమియో ఆ గోడ తీసిన చోటు చెప్పుచున్నది.

కావున ఈ నెలలో మూడు పనులు చేయుడి. మొదటిది, సంఘ పెద్దలును స్త్రీల మైత్రివారును కలిసి ఇంటింటికి పోయి, వానకాలమునకు ముందుగా ఎవరి కప్పు కురియుచున్నదో, ఎవరి గోడ ఒరిగినదో చూచి వ్రాసికొనుడి. గుడి పనికి ఎత్తు చందాలో ఒక భాగము ఆ ఇండ్లకు తీయుడి. డబ్బు లేనిచో చేతులున్నవి, ఒక శనివారము చాలును. రెండవది, తోబుట్టువులతో మాటలు మానుకొన్నవారు రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు గోడ చుట్టి వాకిట నిలిచి పిలువుడి. అబ్షాలోము రెండేండ్లు ఆగెను, మీరాగవద్దు. మూడవది, పట్టణములోనున్న బిడ్డలారా, డబ్బు పంపుట మేలే, కాని మీ తండ్రి మీరు పంపిన డబ్బుతో మాటలాడలేడు. వచ్చి రెండు రాత్రులు ఆ ఇంటిలో పండుకొనుడి.

జక్కయ్య ఇల్లు యెరికోలో గొప్ప ఇల్లే కావచ్చును; కాని రక్షణ ఆ ఇంటికి వచ్చినదని ప్రభువు చెప్పినది, అతడు బీదలకును తాను మోసపరచిన వారికిని తిరిగి ఇచ్చుటకు లేచి నిలిచిన తరువాతనే. తన తండ్రి ఇంట అనేక నివాసములు కలవని చెప్పిన ఆయనకు భూమిమీద తల వాల్చుకొను చోటు లేకపోయెను. తనకు లేని ఇంటిని ఆయన మనకు సిద్ధపరచుచున్నాడు. ఆ ఇంటిలో చేరగోరువారు ఇక్కడ ఒకరి కప్పు క్రింద ఒకరు చేరుట నేర్చుకొనవలెను.

ప్రార్థన: యాకోబు తలక్రింది రాతిని నీ ఇల్లుగా చేసిన తండ్రీ, కప్పు లేనివారికి కప్పు దయచేయుము. కప్పు ఉన్నవారికి ఇంటివారిని తిరిగి ఇమ్ము. మేము పెట్టిన గోడలను తీయుటకు మా చేతులకు బలమిమ్ము. మా గుడులకంటె ముందుగా మా విధవరాండ్ర ఇండ్లను మాకు కనుపరచుము. మా రక్షకుడగు యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.