యాత్రయా? మహాప్రస్థానమా?

ఈ శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము, పూర్వము నాయొద్ద కౌముది చదివిన శిష్యుడొకడు తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఇప్పుడతడు బ్యాంకు ఉద్యోగి. బదరీనాథమునకు పోయి, అక్కడినుండి ఇద్దరు మిత్రులతో కాలినడకన సతోపంథ సరస్సు వరకు వెళ్ళవలెనని అతని కోరిక. ప్రయాణమునకు ముహూర్తము పెట్టుమని అడుగ వచ్చెను. చేతిలో రెండు పుటల పట్టిక యున్నది. ఉన్నిబట్టలు, గుడారము, ఎన్ని దినములకు ఎంత బియ్యము, ఏయే మాత్రలు, ఏ రాత్రి ఎంత ఎత్తున పడక, అన్నియు వ్రాసికొని యున్నాడు. నేనది చదువుచుండగా తల్లి మెల్లగా ఇట్లనెను:

"స్వామీ, బదరీనారాయణుని దగ్గరికి వెళ్ళేవాడికి ఇన్ని మందులూ, ఇన్ని లెక్కలూ ఎందుకండీ? ఆయన చూసుకోడా? నమ్మకం చాలక కాదూ ఇవన్నీ?"

శిష్యుడు నా మొగము చూచెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ తల్లి అడిగినది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అదియునుగాక, ఆ దారిలో నేనొకసారి పెద్ద తప్పు చేయబోయి ఆగినవాడను.

ముందుగా ఆ స్థలమును గూర్చి చెప్పవలెను. హరిద్వారము సముద్రమట్టమునకు 314 మీటర్ల యెత్తున ఉన్నది. బదరి సుమారు 3,100 మీటర్లు. నడుమ దూరము 300 కిలోమీటర్లకు కొంచెము పైన. నేడు మోటారుబండిలో ఒకటిన్నర దినమున, రెండు దినములలో చేరుచున్నారు. కృష్ణా గోదావరీ తీరములందు పుట్టి పెరిగిన దేహము రెండు దినములలో అంత యెత్తునకు పోవుచున్నదన్నమాట. మన తాతలు హరిద్వారము నుండి నడచి పోయిరి. వారికి వారములు పట్టెను. ఆ వారములే వారికి ఔషధమైనవని ఇప్పుడు తెలియుచున్నది.

బదరికి మూడు కిలోమీటర్ల పైన మాణాగ్రామము. అక్కడ సరస్వతిపై భీమశిల సేతువు, వ్యాసగుహ, ఆవల వసుధార. ఇంతవరకు వృద్ధులును ఓపికతో పోవుదురు. అక్కడినుండి బాట లక్ష్మీవనము, చక్రతీర్థము మీదుగా సతోపంథమునకు పోవును. ముక్కోణపు సరస్సు. ఏకాదశినాడు త్రిమూర్తులు మూడు కోణములయందు స్నానమాడుదురని అక్కడివారి విశ్వాసము. దాని యెత్తు సుమారు 4,600 మీటర్లు, అనగా 15,000 అడుగులు. పైకి పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు మారదు, గాలియే పలుచనగును. బదరియందు సముద్రతీరపు పీడనములో నూటికి ఇంచుమించు డెబ్బది వంతులు, సతోపంథమున అరువది వంతులకన్న తక్కువ.

అందుచేతనే వైద్యులు ఒక నియమము చెప్పుదురు. 3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి పండుకొను ఎత్తును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఒక దినము కదలక నిలువవలెను. తలనొప్పి, వికారము, ఆకలి లేకుండుట మొదటి గుర్తులు. అడుగులు తడబడినను, మాట తికమకపడినను, ఊరక కూర్చుండియుండగా ఆయాసము వచ్చినను వెంటనే దిగవలెను. మాత్రలు, ప్రాణవాయువు తోడ్పడును గాని, దిగుటకు బదులు కావు. వయసు, బలము దీనికి అడ్డుగోడలు కావు. కొండయెక్కుటలో అందరికన్న ముందుండువాడే ముందు పడిపోవచ్చును.

ఇక విశ్వాసము మాట. శరణాగతికి ఆరంగములు చెప్పినారు. వానిలో మహావిశ్వాస మొకటి. దానిని మాత్రమే పట్టుకొని ప్రాతికూల్యవర్జనమును విడిచినచో అది శరణాగతి కానేరదు. ఈ శరీరము నాది కాదు, శేషియైన ఆయన సొత్తు అని నమ్మినవాడు దానిని పగులగొట్టి తెచ్చి "నీవే చూచుకొనుము" అనునా? కైంకర్యపు తీర్థపాత్రను అర్చకుడు మెట్లపై దొర్లించునా? ప్రపత్తి మోక్షము కొరకు. అన్నము వండుకొనుటకు, వానలో గొడుగు పట్టుటకు అది అడ్డుపడదు. శరణాగతి చేసినవారి యిండ్లలో పొయ్యి ఆరిపోలేదు గదా.

బదరీక్షేత్రమే చూడుడు. శీతకాలమున ఆలయము మూసివేయుదురు. ఉద్ధవ కుబేరమూర్తులు పాండుకేశ్వరమునకు దిగివత్తురు. వైశాఖమున మరల తెరతురు. స్వామి కైంకర్యమే మంచును, ఋతువును చూచికొని నడచుచుండగా, భక్తుడు చూచుకొనుట అవిశ్వాస మెట్లగును? తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో తిరువదరిని పాడుచు, ముదిమి వచ్చి కఱ్ఱయే ఊతయగుటకు ముందే ఆ స్వామిని సేవింపవలెనని హెచ్చరించినారు. వారు కూడ దేహపు లెక్క చూచిన వారే.

అయినను ఆ తల్లి మాటలో ఒక పాలు నిజము కలదని నాకు తోచుచున్నది. పట్టిక నిండుకొలది, అన్నియు మన చేతిలో నున్నవను భ్రమ పెరుగును. 2025 ఫిబ్రవరి 28వ తేదీన మాణా దగ్గర మంచుచరియ విరుచుకుపడి రహదారి కార్మికులు ఎనిమిదిమంది మరణించిరి. ఆ మంచులోనే పనిచేయువారు, ఆ కొండను మనకన్న బాగుగ ఎరిగినవారు. 2013 జూన్ 16, 17 తేదీలలో కేదారమున ఏమి జరిగెనో చెప్పనక్కరలేదు. పట్టిక వ్రాయుట మన పని. అది సాగుట ఆయన పని. ఈ రెండింటిని తారుమారు చేసికొన్నవారిని ఇరుప్రక్కలను చూచియున్నాను.

2009 సెప్టెంబరులో నేను, నా బావమరిది ఆ దారిలో పోయితిమి. అప్పుడు నాకు ఏబదిరెండేండ్లు, అతనికి నలువదియైదు. రైలెక్కునప్పుడు నా భార్య ఒకటే చెప్పినది: "తమ్ముణ్ణి జాగ్రత్తగా తీసుకురండి." మా పట్టికలో మొదట బదరియందు రెండు దినముల విశ్రాంతి యుండెను. పంచాంగము చూచి ఆ రెండు దినములను కొట్టివేసినవాడను నేనే. సతోపంథ స్నానము ఏకాదశినాడు కావలెనని నా పట్టుదల. ఒక్క రాత్రి మాత్రము బదరిలో నుండి, మరునాడే మాణాకు చెందిన ఒక వృద్ధుని దారిచూపుటకు, ఇద్దరు కుర్రవాండ్రను బరువులు మోయుటకు పిలుచుకొని లక్ష్మీవనము చేరితిమి. అక్కడ భూర్జవృక్షములు కలవు. జీవితమంతయు భూర్జపత్ర గ్రంథములను గూర్చి పాఠము చెప్పినవాడను, ఆ చెట్టును అప్పుడే మొదటిసారి చూచితిని. తెల్లని బెరడు పొరలు పొరలుగా ఊడుచుండెను. ఆ సంతోషములో బావమరిది అన్నము ముట్టలేదన్న సంగతి గమనింపలేదు.

రాత్రి అతనికి తలనొప్పి, రెండుమారులు వాంతి. తెల్లవారునప్పటికి చొక్కా బొత్తాములు పెట్టుకొనలేకపోయెను. వృద్ధుడు నేలపై గీతగీసి, మడమకు వ్రేలు ఆనించుచు నడువుమనెను. నాలుగడుగులకే ప్రక్కకు ఒరిగెను.

ఆకాశము నిర్మలముగా నుండెను. ఎదుట శిఖరములు. ఏకాదశి ఎల్లుండి. వృద్ధుడు, "నేనూ ఒక అబ్బాయీ ఈయన్ను దించుతాం. మీరు రెండోవాడితో వెళ్ళదలిస్తే వెళ్ళండి, వాడికి దారి తెలుసు" అని హిందీలో చెప్పెను. నేను ఆలోచించితినని వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను. ఆలోచించుటయే గాదు, వాదము కూడ సిద్ధము చేసికొంటిని. ఈ దారిలోనే ద్రౌపది పడిపోయెను, తమ్ములు పడిపోయిరి, ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు, ఈ బాట ధర్మమే అది, అంటిని. దయకంటె ముందు నా నోటికి పురాణము వచ్చెను.

ఆ వృద్ధుడు మూటకు త్రాడు కట్టుచు తల ఎత్తకుండ, "పండిత్‌జీ, వాళ్ళు తిరిగి వెళ్ళాలని వచ్చినవాళ్ళు కాదు. మీకు తిరుగు టిక్కెట్టు ఉందా, లేదా?" అని అడిగెను.

టిక్కెట్టు నా సంచిలోనే యున్నది.

ముప్పదియేండ్లు భారతము చెప్పిన నాకు ఆ ప్రశ్నతో ఆ గ్రంథము క్రొత్తగా తెరచుకొన్నది. పాండవులు ఈ హిమవత్పర్వతమునకు రెండు విధములుగా వచ్చిరి. ఒకటి అరణ్యపర్వమున తీర్థయాత్ర, మరియొకటి మహాప్రస్థానము. తీర్థయాత్రకు ముందు, పరివారము తగ్గించుకొని తేలికపడుమని లోమశమహర్షి ధర్మరాజునకు చెప్పెను. ఆకలిదప్పులను, మార్గాయాసమును ఓర్వలేని వారిని ధర్మరాజు వెనుకకు పంపెను. దుర్గమమైన చోటు వచ్చినప్పుడు భీముని, ద్రౌపదిని వెనుకనే ఆగుమనెను. భీముడు వినక, నడువలేని చోట నేనే మోసెదననెను. కులిందరాజగు సుబాహునియొద్ద రథములను, వంటవారిని, సేవకులను విడిచి కాలినడకన సాగిరి. గాలివాన తరువాత ద్రౌపది మూర్ఛిల్లినప్పుడు ఒక్కరును ముందడుగు వేయలేదు. తల ఒడిలో పెట్టుకొనిరి, పాదములు ఒత్తిరి. భీముడు ఘటోత్కచుని తలచెను. రాక్షసులు వచ్చి అందరిని మోసికొనిపోయిరి.

అదే ద్రౌపది మహాప్రస్థానమున పడినప్పుడు ఎవరును ఎత్తలేదు. భీముడు కారణమడిగెను, ధర్మరాజు చెప్పి సాగిపోయెను. ధర్మము మారెనా? మారలేదు, ప్రయాణము మారినది. మొదటిసారి వారికి రాజ్యము, ప్రతిజ్ఞలు, తిరిగి రావలసిన అర్జునుడు ఉండిరి. రెండవసారి పరీక్షిత్తునకు పట్టము గట్టి, అగ్నులను విడిచి, తిరిగిరామని బయలుదేరిరి. ఇంటివద్ద బియ్యము, బాకీ, బిడ్డల చదువు పెట్టుకొని, తిరుగు టిక్కెట్టు జేబులో నుంచుకొని ఎక్కువాడు మొదటి ప్రయాణము చేయుచు రెండవదాని ధర్మమును అరువు తెచ్చుకొనరాదు. అట్లు తెచ్చుకొనుట వైరాగ్యము కాదు, స్వార్థము.

"హిమాలయమున ప్రాణము పోయినను పుణ్యమే గదా" యనువారు కలరు. మహాప్రస్థానగమనము కలివర్జ్యములలో చేర్చబడినదని వారెరుగరు. ఈ యుగమున అది నిషిద్ధము. పైగా ప్రపన్నునకు మరణస్థలముతో పనియేమి? చివరిక్షణమున కట్టెవలె పడియున్నవానిని తానే స్మరింతునని వరాహమూర్తి మాట ఇచ్చియున్నాడు. ఆ మాట బదరిలో ఎంతయో బాపట్లలోను అంతయే.

మరియొక మాట. పట్టుదలకు పోయి పడినవాడు ఒంటరిగా పడడు. మోయుటకు నలుగురు కావలెను. ఆ నలుగురు మాణా బిడ్డలు, వారికిని తల్లులు కలరు.

ఆ ఉదయము అందరము కలిసి దిగితిమి. బదరిలో వైద్యుడు ప్రాణవాయువు పెట్టి, ఇంకను క్రిందికి, జోషీమఠమునకు దింపుడనెను. మూడవనాటికి బావమరిది తేరుకొనెను. తేరుకొని నాపై కోపపడెను: "నా మూలంగా మీ ఏకాదశి పోయింది. నన్ను వాళ్ళతో పంపించి మీరు వెళ్ళవలసింది బావా." నేనేమనుకొంటినో అతనికి చెప్పలేదు. ఈ వ్యాసమున చూచి తెలిసికొనును.

ఇదంతయు ఆ తల్లీకొడుకులకు చెప్పితిని. తరువాత పట్టిక మరల తీసి చదివితిని. మంచి పట్టిక. బదరిలో రెండు రాత్రులు, మాణాలో ఒకటి, లక్ష్మీవనమున రెండు. జోషీమఠమున అధికారుల అనుమతి, వైద్యుని పరీక్ష, అన్నియు ఉన్నవి. రెండు విషయములు మాత్రము లేవు. ఒకటి, చేతిలో మిగులు దినము. వాన పడినను, ఒకనికి ఒంట్లో బాగుండకున్నను ఆ దినము కావలెను. రెండవది, ముగ్గురిలో ఎవరు "దిగుదము" అన్నను మిగిలినవారు మారుమాటాడకుండ దిగుదురన్న ఒప్పందము. అది పైన కుదురదు, తల తిరుగుచుండగా ఎవడును న్యాయము తీర్చలేడు. ఇక్కడనే, ఇంట, దీపము ముందర చేసికొనవలెను.

"సంకల్పములోనే చెప్పెదను" అంటిని. దినమును మన యిండ్లలో పూజకు సంకల్పము చెప్పునప్పుడు "యథాశక్తి" యను మాట ఉన్నదిగదా. ఎవరును దానిని అవిశ్వాసమనలేదు. సరస్సు చూచుట వీలు కానిచో బదరీశుని సేవతోనే యాత్ర పూర్తియైనట్లు ఆ సంకల్పవాక్యమున కూర్చి, కాగితముపై వ్రాసి యిచ్చితిని. ముహూర్తము ఆశ్వయుజ శుద్ధ తదియ. అతడు సెలవు కలిసివచ్చునని మహాలయపక్షమున పోవుదుననెను, నేనొప్పలేదు. అంతవరకు వారానికి రెండుమారులు అలిపిరి మెట్లు ఎక్కుమంటిని. 3,550 మెట్లు. ఎత్తునకు అలవాటు కాదు గాని, కాళ్ళకు అలవాటగును.

తల్లి లేచుచు అడిగెను: "మీ బావమరిదిగారు ఇప్పుడెలా ఉన్నారు స్వామీ?"

బాగుగనే ఉన్నాడు. వచ్చే యేడు మరల పోదమా యని మొన్ననే ఫోనులో అడిగెను. నాకు అరువదియెనిమిది, మోకాళ్ళు మునుపటివలె లేవు. మాణావరకు వత్తునంటిని. అక్కడ వ్యాసగుహ దగ్గర కూర్చుండి, అతడు పోయి వచ్చుదాక చూచుచుందును.