పిట్టగోడ

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6-8; 24:10-13; 1 కొరింథీయులకు 6:19-20

ధర్మశాస్త్రములో ఆరోగ్యసూత్రములను వెదకువారు సాధారణముగా లేవీయకాండమును తెరతురు. ఏది తినవచ్చును, ఏది తినరాదు, చర్మముమీద పొడ గలవానిని ఎన్ని దినములు ప్రత్యేకముగా ఉంచవలెను, ఇంటిగోడమీద బూజువంటి మచ్చ కనబడినయెడల యాజకుడు ఏమి చేయవలెను, ఇవన్నియు అక్కడ విస్తారముగా కలవు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోని ఎనిమిదవ వచనమును ఆ వరుసలో లెక్కించువారు అరుదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె అంచున అడ్డుగోడ కట్టి తీరవలెననియు, అది లేనందున ఎవడైనను పడి మరణించినయెడల ఆ ప్రాణమునకు ఆ యిల్లు ఉత్తరవాది యగుననియు అక్కడ శాసింపబడినది. తెలుగువారు తమ మేడలమీద ఆ గోడను పిట్టగోడ అందురు.

హెబ్రీ మూలములో ఈ గోడకు వాడబడిన ‘మఅకే’ అను మాట పాత నిబంధన యంతటిలో మరెక్కడను కనబడదు. దోషమునకు వాడబడిన మాట మాత్రము సుపరిచితమే. ‘దామీమ్’, అనగా ‘రక్తములు’ అని బహువచనము. హేబెలు హతుడైన పిమ్మట నేలలోనుండి దేవునికి మొరపెట్టినది ఈ మాటయే (ఆదికాండము 4:10). పొలములో తమ్మునిమీద చెయ్యెత్తిన అన్నకును, మేస్త్రీకి కూలి మిగులునని అంచు గోడ మానుకొన్న గృహస్థునికిని ధర్మశాస్త్రము ఒకే మాట వాడుచున్నది. ఈ రెండవవాడు ఎవరిని ద్వేషింపలేదు. ఏ కీడును తలపెట్టలేదు. అతడు చేసినదల్లా చేయవలసినది చేయకపోవుటయే. ఆ కాలమున మిద్దె అనగా ఇంటికి మరియొక గది. రాహాబు అక్కడ జనుపకట్టె ఆరవేసినది. పేతురు మధ్యాహ్నమందు ప్రార్థించుటకు అక్కడికే ఎక్కెను. నడిచెడు చోటు గనుక పడెడు చోటు కూడ అదియే. రబ్బీ నాతాను ఈ వచనమును మరికొంత దూరము తీసికొని పోయెను. కరచు కుక్కను ఇంట పెంచరాదనియు, కదలెడు నిచ్చెనను ఇంట నిలుపరాదనియు ఆయన దీనినుండియే బోధించినట్లు తల్మూదులో ఉన్నది. ఆ బోధకుడు నేటి ఢిల్లీలో ఉండినయెడల ఆ జాబితాలో ఎయిర్ కూలరును చేర్చియుండుననుటకు సందేహము లేదు.

దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ ఈ వచనమును చదువుటకు తగిన స్థలము. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వోద్యోగుల నివాసమునకై కట్టబడిన ఈ కాలనీకి మొదట వినయ్ నగర్ అని పేరు. తరువాత హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు పేర పిలువబడినది. ఆమె పుట్టినింటి పేరు చట్టోపాధ్యాయ. 1898లో ముత్యాల గోవిందరాజులు నాయుడు అను వైద్యుని పెండ్లాడి ఆమె నాయుడు ఆయెను. చవుక బట్టల బజారని దేశమంతట పేరుపడిన ఈ పేట ఒక వైద్యుని ఇల్లాలి పేరు మోయుచున్నదని అక్కడ బేరమాడువారికి జ్ఞాపకముండదు. పైగా ఇది ఇప్పుడు క్రొత్త ఇండ్లు లేచుచున్న చోటు. 2016లో కేంద్ర మంత్రివర్గము ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణమునకు అనుమతి నిచ్చెను; వాటిలో సరోజినీ నగర్ ఒకటి. ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబములు వేసవి రాత్రులు ఆరుబయట మంచములు వేసికొన్న పాత క్వార్టర్లకు బదులుగా ఎత్తయిన భవనములు వచ్చుచున్నవి.

ప్రభుత్వోద్యోగులకు వైద్యసహాయ మందించు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము 1954లో ఈ ఢిల్లీ నగరములోనే ఆరంభమాయెను. దాని డిస్పెన్సరీలను ఇప్పుడు వెల్‌నెస్ సెంటర్లని పిలుచుచున్నారు. రక్తపోటు మాత్రలకును చక్కెరవ్యాధి మాత్రలకును ఉదయముననే వరుసలో నిలుచు విశ్రాంత ఉద్యోగులకు ఆ పేరుతో పని లేదు, మాత్ర దొరికిన చాలును. అయితే ఆ క్రొత్త పేరు వినగానే ఎవరికైనను తన రక్తపోటు, తన నడక, తన నిద్ర తోచును. పిట్టగోడను గూర్చిన ఆజ్ఞ వేరొక ప్రశ్నతో మొదలగును: నీ యింటినుండి ఎవడు పడును?

కూలరు సంగతినే తీసికొనవచ్చును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగులో గాక నిలిచిన మంచినీటిలో గ్రుడ్లు పెట్టును, పగటివేళ కరచును. గ్రుడ్డు దోమయై ఎగురుటకు వారము పది దినములు పట్టును గనుక వారమునకొక మారు కూలరును ఖాళీచేసి ఎండనీయవలెనని వైద్యులు చెప్పుదురు. నీరు పారబోయుట మాత్రమే చాలదు. ఆ గ్రుడ్లు నీటిమట్టమునకు కొంచెము పైగా తొట్టి గోడకు అంటుకొనియుండి, తడి లేకపోయినను నెలల తరబడి చావక నిలిచి, మరల నీరు పోసిన దినమున పొదుగును. కావున తొట్టి లోపలి గోడలను గట్టిగా రుద్ది కడుగవలెను. మూతలేని మిద్దెమీది నీళ్లతొట్టి, పూలకుండి క్రింది పళ్లెము, పారవేసిన టైరు, కట్టడపు గుంట, ఇవన్నియు ఆ దోమకు ఉయ్యాలలే. అది పుట్టిన చోటునుండి మిక్కిలి దూరము పోదు. సాధారణముగా కొన్ని వందల మీటర్ల లోపలనే దాని బ్రదుకు ముగియును. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగెను (లూకా 10:29). ఆ దోమకు ఈ విషయములో ఏ సందేహమును లేదు.

1996లో ఢిల్లీలో డెంగీ విజృంభించి 10,000కు పైగా ప్రజలను పడకకెక్కించెను; 400కు పైగా మరణించిరి. అప్పటినుండి మునిసిపల్ కార్యకర్తలు ఇంటింటికి వచ్చి కూలర్లలో లార్వా ఉన్నదేమో చూచుచున్నారు. వారు తలుపు తట్టినప్పుడు లోపలినుండి వచ్చు ప్రత్యుత్తరము తరచుగా, ‘రేపు రండి’ అనునది. ఆ యింట ఉదయ ప్రార్థన జరుగుచుండవచ్చును. లోకమంతటి రోగులకొరకు అందులో విజ్ఞాపన కూడ చేయబడుచుండవచ్చును.

జ్వరము వచ్చిన తరువాత జరుగు పొరపాట్లు వేరు. ఒళ్లునొప్పులకని బజారులో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కొని మ్రింగుట డెంగీలో రక్తస్రావమునకు దారితీయవచ్చును. వైద్యులు సాధారణముగా ఇచ్చునది పారాసెటమాల్. జ్వరము దిగిన దినమున స్తుతికూడికకు సిద్ధపడు కుటుంబములు ఒక సంగతి తెలిసికొనవలెను. అపాయకరమైన గడియ తరచుగా ఆ జ్వరము దిగు సమయముననే వచ్చును. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మితిమీరిన నీరసము కనబడిన తక్షణమే ఆసుపత్రికి పోవలెను. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, 1956లో స్థాపింపబడిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు సరోజినీ నగర్‌కు చేరువలోనే ఉన్నవి. ప్రార్థించుచున్నాము గనుక వైద్యుడు వలదను మాటకు యెషయా 38వ అధ్యాయము చోటివ్వదు. హిజ్కియా కన్నీటి ప్రార్థనను ఆలకించి పదునైదు సంవత్సరములు అనుగ్రహించిన దేవుని ప్రవక్తయే అతని పుండుకు అంజూరపు ముద్ద కట్టుమని చెప్పెను. జాన్ వెస్లీ 1746లో లండనులో బీదలకు మందులిచ్చు డిస్పెన్సరీ తెరచి, మరుసటి సంవత్సరము గృహవైద్య గ్రంథమొకటి ప్రకటించెను. అందులోని కొన్ని మందులకు నేటి వైద్యులు నవ్వుదురు. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కూగ్లరు చేసిన సేవను చూచి ఎవరును నవ్వలేదు.

పౌలు కొరింథు సంఘమునకు దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని వ్రాసినప్పుడు, గ్రీకు మూలములో ‘మీ’ అనునది బహువచనము, ‘దేహము’ అనునది ఏకవచనము. పండితులు దీనిని గూర్చి వాదింతురు. ఒక్కొక్కని దేహమనియే అర్థము చెప్పుకొన్నను, అనేకులకు ఒకే దేహమున్నట్లు ధ్వనించు ఆ వాక్యము పొగ త్రాగువానికిని, ఉప్పు విషయమై లెక్కచేయనివానికిని మాత్రమే వ్రాయబడినదని చెప్పుటకు వీలులేదు. (ఉప్పు మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. దినమునకు ఐదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, తక్కువ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ జాడీ ఢిల్లీకి తెచ్చుకొనువారు ఈ లెక్క ఇంట చెప్పుకొనుట మంచిది.)

పిట్టగోడ వచనమునకు ముందున్న రెండు వచనములు పక్షిగూటిని గూర్చినవి. చెట్టుమీద గూడు కనబడినయెడల పిల్లలతో పాటు తల్లిని పట్టుకొనరాదు, దానిని విడిచిపెట్టవలెను. దీర్ఘాయువు వాగ్దానము ఈ ఆజ్ఞకు జతపరచబడినది. తలిదండ్రులను సన్మానించువారికి ఇయ్యబడిన వాగ్దానమే ఇది. సరోజినీ నగర్‌లో గూళ్లకు చెట్లు కొదువలేదు. 2018 జూన్ మాసమున పునర్నిర్మాణమునకై ఈ కాలనీలలోని వేలకొలది చెట్లను నరుకబోగా, ప్రజలు చెట్లను కౌగిలించుకొని నిరసన తెలిపిరి. ఢిల్లీ హైకోర్టు ఆ నరుకుటను తాత్కాలికముగా ఆపెను. వారిలో అనేకుల మనస్సున ఉన్నది పక్షులకంటె ఊపిరితిత్తులు. ధర్మశాస్త్రమందు ఆ రెండును ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి.

నవంబరు వచ్చుసరికి ఢిల్లీలో ఊపిరి తీయుటయే పనియగును. ప్రొద్దున చల్లని గాలి నేలనంటి పొగను పైకి పోనీయదు గనుక, వృద్ధులు చీకటితో నడకకు పోక, ఎండ వచ్చిన పిమ్మట, గాలి కొంత తేటపడిన దినములలో పోవుట మేలు. పలుచని గుడ్డముసుగు ఆ సన్నని ధూళి నాపదు. బిగువుగా అమరు ఎన్-95 ముసుగు కావలెను. మూసిన గదిలో బొగ్గుల అంగీఠీ పెట్టుకొని నిద్రించినవారు వాసనలేని విషవాయువుచే తెల్లవారకముందే మరణించిన వార్తలు ప్రతి చలికాలమును వచ్చును.

ఇక కాలనీ ద్వారమున మరియొక నిప్పు కలదు. రాత్రి కాపలావాడు ఎండుటాకులు, చెత్త, కొన్నిమార్లు ప్లాస్టిక్కు కూడ పోగుచేసి మంట వేసికొనును. చెత్త కాల్చుట నిషిద్ధమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆజ్ఞాపించి జరిమానా విధించినది. ఆ పొగ పై అంతస్తులవరకు ఎక్కును. ఉబ్బసముగల పిల్లవాడు అక్కడ మేలుకొని దగ్గును. తండ్రి కిటికీ తెరచి కాపలావానిని గద్దించును. ఆ గద్దింపు న్యాయమే. అయితే ఆ రాత్రి కాపలావానికి ఇంకేమియు లేదు. చేతులు కాచుకొనకయున్న యెడల అతడును తెల్లవారువరకు దగ్గును. ఒక మందపు రగ్గు, కాపలాగదిలో ఒక చిన్న విద్యుత్ హీటరు, నివాసులందరు కలిసి మోసినయెడల ఇంటికి అయ్యెడి ఖర్చు స్వల్పము. పిట్టగోడకు రెండు అధ్యాయముల తరువాత అదే ధర్మశాస్త్రము బీదవాని దుప్పటిని గూర్చి మాటలాడుచున్నది. తాకట్టుగా ఉంచిన ఆ వస్త్రమును ప్రొద్దుక్రుంకకముందే అతనికి తిరిగి ఇయ్యవలెను; అతడు దానిని కప్పుకొని పండుకొని, ఇచ్చినవానిని దీవించును.