తెర తొలగితే కర్త ఎవరు?

మనిషికీ యంత్రానికీ నడుమ నిలిచి, మనిషి ఉద్దేశాన్ని యంత్రానికీ యంత్రం స్థితిని మనిషికీ తెలియజేసే ఏర్పాటును ఇంటర్‌ఫేస్ అంటారు. మొబైల్ ఫోనులో తెర, దాని మీది గుర్తులు, వేలి కదలికలు, మాట, కంపనం అన్నీ ఈ ఏర్పాటులోని భాగాలే. దీన్ని రూపొందించేవారిలో మూడు దశాబ్దాలకు పైగా ఒక ఆదర్శం పాతుకుపోయి ఉంది; ఇంటర్‌ఫేస్ ఎంత తక్కువగా కనిపిస్తే అంత గొప్పదన్నది ఆ ఆదర్శం. అమెరికాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన మార్క్ వైజర్ 1991లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికకు రాసిన వ్యాసంలో, లోతైన సాంకేతికతలు నిత్యజీవితంలో అల్లుకుపోయి చివరకు విడిగా కనిపించకుండా పోతాయని ప్రతిపాదించాడు. ఫోను చరిత్ర ఆ దారినే నడిచింది. 2007లో వచ్చిన ఐఫోను మీటల వరుసను తీసివేసి గాజు పలక మీద వేలికి పని చెప్పింది. 2017 నాటి ఐఫోన్ టెన్‌లో ముందువైపు మిగిలి ఉన్న హోమ్ బటన్ కూడా పోయి, పైకి తోయడం, పక్కకు జరపడం వంటి సైగలు దాని చోటికి వచ్చాయి. 2024లో అమ్మకానికి వచ్చిన విజన్ ప్రో అనే తలకు ధరించే పరికరంలో చూపు నిలిచిన చోటే గురి, రెండు వేళ్లు కలపడమే ఎంపిక. రాబోయేదిగా చెబుతున్న దశలో ఈ సైగలు కూడా అక్కరలేదు. వాడేవారి అలవాట్లను చదువుకున్న ప్రోగ్రాము టికెట్టు కొనడం, ఉత్తరానికి జవాబు రాయడం, సరుకులు తెప్పించడం వంటి పనులను వారి తరఫున తానే నడిపిస్తుంది. ఇటువంటి ప్రోగ్రామును ఏజెంట్ అంటున్నారు.

ఈ మార్పును సౌలభ్యం దృష్టితోనో వ్యాపారం దృష్టితోనో పరిశీలించిన రచనలు కావలసినన్ని ఉన్నాయి, ఏకాగ్రత చెడిపోతోందన్న ఫిర్యాదు ఇప్పటికే పాతబడింది. వాటికంటే మూలంలో ఉన్న ప్రశ్న తత్త్వశాస్త్రానిది: మనిషి పూర్తిగా తలపెట్టకముందే అతని పేరిట పని జరిగిపోయినప్పుడు ఆ పనికి కర్త ఎవరు? శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో తొలి సూత్రాల దగ్గరే జ్ఞానానికీ కర్మకూ ఉన్న భేదాన్ని నిరూపిస్తూ, జ్ఞానం వస్తువును బట్టి ఉంటుందనీ, కర్మ మాత్రం పురుషుణ్ణి బట్టి ఉంటుందనీ, కాబట్టి దాన్ని చేయవచ్చు, మానవచ్చు, మరో విధంగానూ చేయవచ్చుననీ అంటారు. కర్తృత్వానికి, అంటే ఒక పని తనది అని చెప్పుకోగల అర్హతకు, ఇంతకంటే క్లుప్తమైన పరీక్ష దొరకదు. మూడింటిలో మొదటిదాన్ని ఉంచి మిగిలిన రెండింటినీ చూపు మేరలో లేకుండా చేసిన ఇంటర్‌ఫేస్ ఎంత సుఖంగా ఉన్నా, దానితో జరిగిన పనిని వాడినవాడి కర్మ అనడం కష్టం.

అదృశ్యమయ్యే పనిముట్టును సమర్థించేవారు దీనికి తరచుగా ఇచ్చే సమాధానం జర్మన్ తాత్త్వికుడు మార్టిన్ హైడెగర్ 1927లో ప్రచురించిన గ్రంథం నుంచి వస్తుంది. వడ్రంగి పనిలో మునిగి ఉన్నప్పుడు సుత్తి అతనికి విడి వస్తువుగా తోచదు. అది విరిగినప్పుడో, కనబడనప్పుడో, పనికి అడ్డం వచ్చినప్పుడో మాత్రమే ఒక వస్తువై ఎదుట నిలుస్తుంది. పనిముట్టు మరుగున పడడం నైపుణ్యానికి గుర్తు తప్ప లోపం కాదన్న ఈ పరిశీలన నిజమైనదే. కానీ దాన్ని రేపటి ఫోనుకు వర్తింపజేసేవారు ఒక ముఖ్యమైన తేడాను దాటవేస్తున్నారు. వీణ వాయించే విద్వాంసుడికి మెట్లు గుర్తుకు రాకపోవడానికి కారణం ఏళ్ల తరబడి సాగిన సాధన. అక్కడ మనిషి వాద్యాన్ని నేర్చుకున్నాడు, ఏ క్షణాన కావాలన్నా అదే స్వరాన్ని మరో విధంగా పలికించగలడు. అలవాట్లను గమనించి పని ముగించే ఏజెంట్ విషయంలో నేర్చుకున్నది యంత్రం, నేర్వబడినవాడు మనిషి. రెండు చోట్లా పనిముట్టు కనబడదు గాని, ఒకచోట దాన్ని మరుగుపరచింది అభ్యాసం, మరొకచోట అజ్ఞానం. ఈ రెంటినీ ఒకే మెచ్చుకోలులో కలిపివేయడం రూపకల్పన శాస్త్రం చేసిన పెద్ద పొరపాటు.

అయితే ఒకరి పనిని మరొకరు చేసిపెట్టడమే దోషమా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, దీన్ని పూర్వమీమాంస చాలా లోతుగా విచారించింది. వేదవిహితమైన కర్మల స్వరూపాన్ని నిర్ణయించే ఈ శాస్త్రంలో జైమిని సూత్రాలు యాగఫలం యజమానికే, అంటే ఆ యాగాన్ని తలపెట్టినవాడికే, చెందుతుందని నిశ్చయిస్తాయి. అలాగైతే అన్ని పనులూ అతడే చేయాలి కదా అన్న ఆక్షేపణకు సమాధానంగా, దక్షిణ ఇచ్చి ఋత్విజులను, అంటే యాగం నడిపే పురోహితులను, నియమించుకోవాలని శాస్త్రమే విధించింది కనుక మంత్రాలు చదవడం, హవిస్సు వండడం, వేల్చడం వంటివి వారు చేయవచ్చునని అంగీకరిస్తాయి. జ్యోతిష్టోమం అనే యాగంలో పదహారు మంది ఋత్విజులు పనిచేస్తారు. యజమానికి మిగిలేది చూడబోతే స్వల్పం: తలపెట్టడం, ద్రవ్యాన్ని దేవత పేరిట వదులుకోవడం. ఈ వదులుకోవడాన్నే త్యాగం అంటారు, యాగం అన్నదాని సారం ఇదే. ఆరో అధ్యాయంలో ప్రతినిధి విచారం వచ్చినప్పుడు, వడ్లు దొరకకపోతే నీవార ధాన్యం, అంటే అడవిలో తనంతట తాను పండే నివ్వరి, వాడుకోవచ్చుననీ, యజమానికి మాత్రం మరొకణ్ణి ప్రతినిధిగా పెట్టకూడదనీ తీర్పు వస్తుంది. పలువురు యజమానులు కలిసి చేసే సత్రంలో ఒకరు మరణిస్తే సంఖ్య చెడకుండా ఇంకొకరిని చేర్చుకోవచ్చునన్నది దీనికి మినహాయింపు. ఏజెంట్ల రూపకల్పనలో తలమునకలైనవారు తమ గ్రంథాలయాల్లో వెతకని శాస్త్రం ఇది. అయినా ఏ పని అప్పగించవచ్చు, ఏది అప్పగించకూడదు అన్న వారి నేటి చిక్కుకు ఇంత నిర్దిష్టమైన సమాధానం మరెక్కడా సులభంగా దొరకదు.

ఈ విభజన శ్రౌతయాగాలతో అంతరించిపోలేదు. తెలుగు ఇళ్లలో జరిగే వ్రతంలోనూ మంత్రభాగమంతా పురోహితుడు నడిపిస్తుండగా, సంకల్పం మాత్రం గృహస్థు చేత చెప్పిస్తారు. అందులో దేశం, కాలం, గోత్రం, పేరు, ప్రయోజనం వరుసగా వస్తాయి. చేయబోయే పని ఏమిటో, ఎవరు ఎందుకు ఎక్కడ ఎప్పుడు చేస్తున్నారో పలికిన తరువాతే క్రియ మొదలవుతుంది. ఫోనులో ఒక యాప్ తొలిసారి తెరిచినప్పుడు వచ్చే అనుమతి పేటిక కూడా నిజానికి సంకల్పం ఉండవలసిన చోటే. కానీ అక్కడ పలకవలసినవాడి మాట ఉండదు, పలికించేవాడి షరతులు ఉంటాయి, అవి చదవదగిన పొడవులో ఉండవు. సంస్కృతం తెలియని గృహస్థు కూడా అర్థం తెలియకుండానే సంకల్పం చెబుతున్నాడు కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది, అది పురోహితుడు సరిదిద్దుకోవలసిన లోపం.

సంకల్పాన్ని మనిషి దగ్గరే ఉంచి తక్కిన పనిని యంత్రానికి అప్పగించడం ఆచరణలో సాధ్యమేనా అన్నదానికి భారతదేశపు చెల్లింపుల వ్యవస్థ మంచి ఉదాహరణ. 2016లో మొదలైన యూపీఐలో డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు చేరే మార్గం వాడేవారికి ఏమాత్రం తెలియనక్కరలేదు. కాని పంపే ముందు ఎవరికి, ఎంత అన్నది చూపి, పిన్ అడగడం ఆనవాయితీ. ఆ నాలుగు లేదా ఆరు అంకెలు నొక్కడం కంప్యూటర్ భాషలో ధ్రువీకరణ, మీమాంస భాషలో త్యాగం. తన డబ్బు మీది స్వత్వాన్ని వదులుకునే క్షణం అది. నెలనెలా వాటంతట అవే కోతపడే చెల్లింపుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి అమలుచేసిన నిబంధనలు మరింత ఆసక్తికరమైనవి. మొదటి నమోదుకు ఖాతాదారు అదనపు ధ్రువీకరణ కావాలి, ప్రతి కోతకూ కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, వద్దనుకునే వీలు ఉండాలి. మొదట 5,000 రూపాయలు దాటిన మొత్తాలకు ప్రతిసారీ ధ్రువీకరణ కోరారు; 2022లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. అదే ఏడాది చిన్న మొత్తాలకు పిన్ అక్కరలేని యూపీఐ లైట్ వచ్చింది. టీ డబ్బులకు పిన్ అడగడం చాదస్తమే కాబట్టి ఇందులో తప్పుపట్టవలసినది లేదు. ఎంత వరకు చిన్న మొత్తం అన్న గీత ఏ చర్చా లేకుండా ఏటేటా జరుగుతూ పోతే మాత్రం త్యాగం ఎప్పుడు కనుమరుగైందో ఎవరికీ తెలియదు.

చూపుకీ సంకల్పానికీ తేడా పాటించవచ్చునని విజన్ ప్రో కూడా చూపింది. తయారీదారు ప్రకటించిన ప్రకారం, వాడేవారి చూపు ఎక్కడెక్కడ తిరిగిందో యాప్‌లకు తెలియనివ్వరు. వేళ్లు కలిపి ఎంచుకున్నది మాత్రమే వాటికి చేరుతుంది. చూపు కోరికకు ముందే పరుగెడుతుంది, కోరిక నిర్ణయానికి ముందు పుడుతుంది. ఈ మెట్ల మధ్య ఖాళీని గౌరవించడం నేటి పరికరాల్లో అరుదుగా కనిపించే వివేకం.

ఇంతవరకు వచ్చిన వాదమంతా కర్త అనేవాడు ఒకడు ఉన్నాడన్న నమ్మకం మీద నిలిచిందనీ, ఆ నమ్మకమే భ్రమ అనీ బౌద్ధులు ఆక్షేపించవచ్చు. సంప్రదాయం కృష్ణా తీరంలోని నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో ఒక ప్రకరణమంతా కర్తను, కర్మను పరీక్షించి, అవి ఒకదాన్ని ఆశ్రయించి మరొకటి ఉన్నాయే తప్ప దేనికీ స్వతంత్రమైన ఉనికి లేదని తేల్చాడు. ఈ దృష్టిలో ఏజెంట్ కొత్తగా కొల్లగొట్టినదేమీ లేదు, ముందునుంచీ లేనిదాన్ని లేదని చూపింది అంతే. ఇది బలమైన ఆక్షేపణ, దీన్ని తేలికగా తోసివేయకూడదు. అయితే బౌద్ధం కర్తను నిరాకరించినా చేతనను, అంటే పనికి పురికొల్పే మానసిక ప్రవృత్తిని, నిరాకరించలేదు. కర్మ అంటే చేతనే అన్నది దాని మూల సిద్ధాంతం. దుఃఖం పుట్టే క్రమాన్ని వివరించే పన్నెండు అంగాల గొలుసులో స్పర్శ నుంచి వేదన, వేదన నుంచి తృష్ణ పుడతాయి. సుఖమో దుఃఖమో అనిపించడం వేదన, ఇంకా కావాలనుకోవడం తృష్ణ. సాధకుడు జాగరూకతతో గొలుసును తెంచగలిగేది ఈ రెండింటి మధ్యనే అని బౌద్ధ గురువులు బోధిస్తారు. చివర లేకుండా కిందికి సాగే తెర సరిగ్గా ఆ సందునే పూడుస్తుంది. పుట అయిపోయిందన్న చిన్న విరామం కూడా లేకుండా తరువాతిది ముందే సిద్ధంగా ఉంటుంది. తృష్ణను ముందుగా ఊహించి తీర్చే ఏజెంట్‌తో ఆ సందు పూర్తిగా మాయమవుతుంది. ఆత్మ ఉందన్నవారూ లేదన్నవారూ ఈ ఒక్క విషయంలో ఒకే చోట విరామాన్ని కోరుతున్నారు.

మరొక ఆక్షేపణ శాస్త్రాల నుంచి కాక జీవితం నుంచి వస్తుంది. కళ్లు లేనివారికి, చేతులు వణికే వృద్ధులకు, చదువురానివారికి తెర వరం కాదు, అడ్డుగోడ. 2009లో ఐఫోనులో తెరను చదివి వినిపించే సదుపాయం వచ్చాకే చూపులేనివారు గాజు పలకను సొంతంగా వాడగలిగారు. తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకునే యంత్రం పల్లెటూరి ముసలమ్మకు పింఛను సంగతి తెలుసుకునే స్వేచ్ఛను ఇస్తుంది. కాబట్టి శ్రమ ఎక్కువైన కొద్దీ కర్తృత్వం పెరుగుతుందన్న వాదం చేస్తే అది క్రూరమైన వాదం. మీమాంస కూడా అలా అనలేదు. పదహారు మంది సాయాన్ని ఒప్పుకుంది. సంకల్పం చెప్పే తీరు మాట కావచ్చు, స్పర్శ కావచ్చు, తల ఊపడం కావచ్చు. ఆ ముసలమ్మ చెప్పకముందే చెప్పినట్టు భావించడం ఒక్కటే కూడదు.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో జీవుడి కర్తృత్వాన్ని విచారిస్తూ వడ్రంగిని ఉదాహరించిన సూత్రం ఒకటి ఉంది. శంకరుల వ్యాఖ్య ప్రకారం, బాడిస వంటి పనిముట్లు చేతబట్టినంతసేపూ వడ్రంగి కర్తగా ఉండి శ్రమపడతాడు. ఇంటికి వచ్చి వాటిని కింద పెట్టాక అతడే స్వస్థుడై సుఖంగా ఉంటాడు. కర్తృత్వం ఆత్మకు సహజం కాదు, ఉపాధుల వల్ల, అంటే వచ్చి చేరిన సాధనాల వల్ల, కలిగేదన్నది అక్కడి సిద్ధాంతం. హైడెగర్ వడ్రంగి పనిలో ఉన్నప్పటి సంగతే చెప్పాడు, శంకరుల వడ్రంగి ఇంటికి కూడా వెళ్తాడు. రేపటి ఇంటర్‌ఫేస్ గురించి అడగవలసిన రెండో ప్రశ్న, దాన్ని కింద పెట్టగలమా అన్నది, ఈ తేడాలో ఉంది. కళ్లజోడులో, చెవిలో, ఉంగరంలో చేరి ఎప్పుడూ వింటూ చూస్తూ ఉండే పరికరానికి కింద పెట్టే ఘట్టమంటూ లేదు. దుస్తులకు తగిలించుకునే తెరలేని ఏఐ పిన్ ఒకటి 2024లో వచ్చి 2025 ఫిబ్రవరికి అమ్మకం ఆగిపోయిన మాట నిజమే గాని, అది ఆ పరికరం పనితీరు మీద జనం ఇచ్చిన తీర్పు. అటువంటివి మరిన్ని వస్తాయి.

ఇక నిబంధనల సంగతి చూస్తే, ఇంటర్‌ఫేస్‌తో వాడేవారిని మభ్యపెట్టే పద్ధతులను మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో 13 రకాలుగా పేర్కొని నిషేధించింది. గడువు ముగిసిపోతోందని అబద్ధపు తొందర పెట్టడం, బుట్టలో అడగని వస్తువు చేర్చడం, చందా కట్టాక బయటపడనివ్వకపోవడం వాటిలో ఉన్నాయి. వీటిలో చాలావరకు మనిషికి ఏదో ఒకటి చూపి, లేదా చూపకుండా దాచి, అతని చేత తప్పు నిర్ణయం చేయించే పద్ధతులు. నిర్ణయమే అడగకుండా సరిగ్గా ఊహించి పని ముగించే ఏజెంట్ గురించి ఆ జాబితాలో విడిగా ఒక పేరు లేదు; అందులో మోసం ఉండదు కనుక మోసాల జాబితాలో దానికి చోటు దొరకదు కూడా. దానికి వేరే నిబంధన రాయవలసి ఉంటుంది, ఆ నిబంధన యజమానికి ప్రతినిధి లేడన్న మాటతో మొదలు కావాలి.