తప్పని తెలుసు

మా చిన్నాయన నోట బూతుమాట విన్నవాళ్ళు 2017 దాకా హాలియాలో ఎవరూ లేరు. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి, పొద్దున పొలం, పొద్దుగూకితే ఇల్లు. ఆ ఏడు మిర్యాలగూడ రోడ్డు మీద బండి జారి పడ్డాడు. హెల్మెట్ లేదు. నుదురు పగిలింది. నల్గొండ, హైదరాబాదు కలిపి నలభై రోజులు దవాఖానల్లోనే. బయటికొచ్చాక నడక బాగుంది, మాట బాగుంది, ఎవరి బాకీ ఎంతో రూపాయితో సహా గుర్తుంది. "దేవుడు సల్లగ జూసిండు" అన్నారందరూ.

తర్వాత మొదలైంది. చావింట్లో పకపకా నవ్వాడు. అడిగినవాడికల్లా డబ్బులిచ్చాడు. చివరికి తూము దగ్గర నీళ్ళ వంతు మీద మాటామాటా పెరిగి, పక్క పొలమాయన్ని పార కామతో కొట్టాడు. చెయ్యి విరిగింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణని నేనూ వెళ్ళాను, వకాల్తా పుచ్చుకుని. మెదడు ముందు భాగం కంటి గుంటల పైన గరుకు ఎముక మీద ఆని ఉంటుందనీ, తల గుద్దుకుంటే అక్కడ ఒరుసుకుని దెబ్బతింటుందనీ, 'ఆగు, ఇప్పుడు కాదు' అని మనల్ని పట్టి ఉంచే పని చాలావరకు దానిదేననీ చెప్పాను. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఇనప గడ్డపార దూసుకుపోయిన కథ కూడా చెప్పాను. బతికాడు, కానీ స్నేహితులు 'వీడు మన గేజ్ కాదు' అన్నారని.

అంతా విని ఒక పెద్దాయన చిన్నాయన వైపు తిరిగాడు. "కొట్టుడు తప్పా, కాదా?"

"తప్పే. తప్పుగాక ఇంకేంది?"

నా వాదన అక్కడే కూలిపోయింది.

తమాషా ఏంటంటే, మన చట్టం అడిగేదీ దాదాపు ఆ ప్రశ్నే. పాత ఐపీసీ 84, ఇప్పటి న్యాయ సంహిత 22: మతి స్థిమితం లేక, చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? ఇంగ్లండులో 1843లో పుట్టిన మెక్‌నాటన్ సూత్రాల వారసత్వం ఇది. తెలిస్తే ఆగగలడన్నది అందులోని నమ్మకం. తెలియడం వేరు, ఆగడం వేరు. 1985లో ఎస్లింగర్, డమాసియో వివరించిన ఒక రోగి మంచిచెడుల ప్రశ్నలకు చక్కగా జవాబులిచ్చేవాడు. తన బతుకు మాత్రం నడుపుకోలేకపోయాడు.

కట్టు కట్టుకుని కూర్చున్న ఆ పక్క పొలమాయన నన్నొకటి అడిగాడు. "మరి నా చెయ్యి ఎవలు ఇరగ్గొట్టినట్టు సారూ? మెదడా?"

దవాఖాన ఖర్చూ, పదివేల దండుగా వేశారు. అప్పుడు అన్యాయమనిపించింది. ఇప్పుడు అనిపించదు. విరిగిన చేతికి బాకీ ఉంటుంది, నింద ఉన్నా లేకున్నా. కానీ ఆ రోజు 'బలిసి కొట్టుకుంటుండు' అన్న మాట మాత్రం నాకింకా మింగుడుపడదు.

చిన్నాయనకు కనీసం నుదుటి మీద మచ్చ ఉంది చూపించడానికి. ఏ దెబ్బా తగలకుండానే మెదడులో ఆ చోటు అరిగిపోయేవాళ్ళుంటారు. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆ రకం వాళ్ళూ ఉన్నారు. అలాంటి మనిషి తూము దగ్గర పార ఎత్తితే వకాల్తాకి ఎవరొస్తారు? నేనైనా వెళ్తానా?

ఇంకో చిక్కు. ఇప్పటి బూతులు చిన్నాయనవి కావంటే, అప్పటి నెమ్మదితనం మాత్రం ఆయనదేనా? ఆఫీసులో నేను మింగే మాటలు నా గొప్పతనమా, లేక ఇంకా బండి మీంచి పడకపోవడమా? పూర్తిగా రెండోదే అనడానికి నాకు మనసొప్పదు.

గేజ్ తర్వాత చిలీలో ఏళ్ళ తరబడి గుర్రపు బండ్లు తోలాడు. రోజూ అదే దారి, అదే వేళ; ఆ క్రమమే అతన్ని కొంత నిలబెట్టిందని కొందరంటారు. చిన్నమ్మకు గేజ్ తెలియదు. బండి తాళంచెవి కొంగుకు కట్టుకుంది. డబ్బులు తన దగ్గరే. నీళ్ళ వంతు రాత్రయినా పగలైనా వెంట పోయి గట్టు మీద కూర్చుంటుంది. "నేను ముందల ఉంటె జర ఆగుతడు" అంటుంది. ఆమె నిద్ర లెక్క ఏ పంచాయితీలోనూ రాలేదు.

పోయిన నెల ఫోన్ చేస్తే ఆయనకిచ్చింది. ఎత్తగానే నన్నో బూతు తిట్టాడు. వెంటనే, "తప్పయింది కొడుకా" అన్నాడు, గొంతు తగ్గించి. అని మళ్ళీ అదే తిట్టాడు. నాకు నవ్వొచ్చింది. అవతల చిన్నమ్మ నవ్వలేదు.